తలుపు వేసుకొని తిన్న కంజులు

మా అమ్మ పోయి ఏడాది నిండినప్పుడు తాండూరులో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ప్రార్థన అయింది, పాటలయ్యాయి, అందరూ బంతిలో కూర్చున్నారు. నేను కూర బకెట్టు పట్టుకొని వడ్డిస్తున్నాను. అప్పుడు మా చిన్నమ్మ, అంటే అమ్మకు స్వయానా చెల్లెలు, కోడికాలు చేతిలో పట్టుకొని అందరికీ వినబడేలా అంది: "మా అక్క అసొంటి మనిషి ఇగ పుట్టదు. ఎన్నడన్న ఒక మంచి ముక్క నోట్లె పెట్టుకున్నదా? అందరికి పెట్టి, మెడ ముక్క, గింత పులుసు ఏసుకొని తినేది. అదే ఇష్టమనేది. దేవత!" బంతిలో అటు చివరి నుంచి ఇటు చివరి దాకా "ఔ, ఔ" అన్నారు. పరిగి నుంచి వచ్చిన మా అన్న కళ్లు తుడుచుకున్నాడు. మా చెల్లె దీవెన మాత్రం తల వంచుకొని అన్నం కలుపుకుంటూ ఉండిపోయింది.

నాకు ఒళ్లు మండింది. చేతిలో గరిటె ఉంది, ఎదురుగా చిన్నమ్మ ఉంది. ఆమె పెద్దది, నేనూ అరవై దాటినదాన్ని, కాబట్టి గరిటె బకెట్టులోనే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన నోరు నాది, ఎక్కడ తప్పు వినబడినా దిద్దందే ఊరుకోదు. అయినా ఆ పూట దిద్దలేకపోయాను. తినకపోవడం కూడా ఒక గొప్పేనా? పోయిన మనిషిని పొగడాలంటే ఆమె పస్తులే దొరికాయా వీళ్లకు? మా అమ్మ మంచి ముక్క తిన్నది. ముక్క కాదు, మొత్తం పిట్టనే తిన్నది. నేను కళ్లారా చూశాను. ఆ సంగతి ఎక్కడా లేకుండా పోతుందేమోనన్న భయంతోనే ఇది రాస్తున్నాను.

మా నాయినది దోమ దగ్గర ఊరు. పెళ్లయ్యాక పొలం పని వదిలి తాండూరు వచ్చి బండల పాలిషు పనిలో చేరాడు. మేమున్న వాడకు నాలుగు దిక్కులా పాలిషు యూనిట్లే. పొద్దున లేస్తే మిషన్ల రొద, కాలు బయట పెడితే రాతిపొడి కలిసిన తెల్లటి బురద. మా ఇల్లంతా పనికిరావని పక్కన పడేసిన బండలతో కట్టిందే. నేలకు బండ, అలమరకు బండ, బట్టలుతకడానికి బండ, కుండల మీద మూతలకు కూడా నాయిన గుండ్రంగా చెక్కిన బండలే. అమ్మ పప్పు మిల్లులో కందిపప్పు చెరిగి, రాళ్లు ఏరే పనికి పోయేది. సాయంత్రం ఇద్దరూ ఇంటికి వస్తే నాయిన దగ్గర తడి రాయి వాసన, అమ్మ దగ్గర కందిపొట్టు వాసన. చీకట్లో కళ్లు మూసుకొని ఉన్నా ఎవరు లోపలికి వచ్చారో మాకు తెలిసిపోయేది. ఇప్పటికీ వికారాబాదు అంగడిలో కొత్త కందిపప్పు సంచి మూతి విప్పితే నేను ఒక నిమిషం ఆగిపోతాను. కొట్టతను నేను బేరమాడబోతున్నాననుకుంటాడు.

ఎప్పుడైనా ఆదివారం చేతిలో పైసలుంటే కోడి వచ్చేది. గుడిలో ప్రార్థన ముగించుకొని రాగానే అమ్మ పొయ్యి ముందు కూర్చునేది. కూర దిగాక వడ్డన మాత్రం ఎప్పుడూ ఒకే తీరు. ఒక కాలు నాయినకు, ఒక కాలు అన్నకు, కార్జం దీవెనకు, మెత్తటి ముక్కలు నాకు. ఇంతలో ఎవరో ఒకరు రానే వస్తారు. మా వాడలో తలుపు అనేది కుక్కలు రాకుండా పెట్టుకున్నదే తప్ప మనుషుల కోసం కాదు. వచ్చినవాళ్లకు ఉన్నవాటిలో మంచివి పోయేవి. అందరూ లేచాక అమ్మ కూర గిన్నెలోనే ఇంత అన్నం వేసుకొని, అంచులకు అంటిన మసాలా తుడిచి కలుపుకొని తినేది. గిన్నెలో మెడ ముక్క ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు. "నీకు ముక్కలేవే?" అని నాయిన అడిగితే "నాకు మెడనే మంచిగనిపిస్తది" అనేది. మేం నమ్మాం. ఒకసారి నేనే మెడ ముక్క తీసి ప్రేమగా ఆమె పళ్లెంలో వేసి, అమ్మకు ఇష్టమైనది పెట్టానని రోజంతా మురిసిపోయాను కూడా.

నాయిన నమ్మలేదు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మిషను రొదలో రోజంతా నోరు మూసుకొని పనిచేసి, ఇంట్లో కూడా అదే అలవాటు చేసుకున్నాడు. ఒక ఏడు క్రిస్మస్ రోజు గుడిలో ప్రేమవిందు అయింది. అమ్మ అక్కడ కూడా వడ్డించీ వడ్డించీ చివరకు అడుగంటిన అన్నం తిని ఇంటికొచ్చి నడుం వాల్చింది. నాయిన పొద్దుగూకే వేళకు ఒక వెదురు బుట్ట పట్టుకొని వచ్చాడు. పైన గుడ్డ కప్పి ఉంది, లోపల రెక్కల చప్పుడు. కంజులు! గుప్పిట్లో పట్టేంత చిన్న పిట్టలు. అప్పట్లో వలలు వేసేవాళ్లు కంది చేల వెంట పట్టి తెచ్చేవాళ్లు. ఇప్పుడు అట్లా పట్టడం నేరం, అది మంచిదే. బుట్టలో ఇంట్లో ఎందరున్నామో సరిగ్గా అన్నే ఉన్నాయి. "మాపటికి ఇవి కాలుద్దం. ఒక్కొక్కరికి ఒక్కటి" అన్నాడు నాయిన. అమ్మ బుట్టలోకి తొంగి చూసి, "ఇంతంత పిట్టలకు ఒక పండుగనా?" అని నవ్వింది.

వాటిని కాల్చే పద్ధతి నాయినదే. తోలు తీయనిచ్చేవాడు కాదు. తోలు పోతే రుచంతా నిప్పుల పాలవుతుందని ఆయన నమ్మకం. ఈకలు పీకి, జొన్నచొప్ప మంట మీద నూగు కాల్చి, పసుపు రాసి కడిగేవాడు. అల్లం, వెల్లుల్లి, ఎండుమిర్చి, ధనియాలు, కొంచెం నువ్వులు వేసి అమ్మ మెత్తగా నూరి ఇచ్చేది. ఆ ముద్ద లోపలా బయటా పట్టించి, పల్లి నూనె పూసి, కాళ్లు దారంతో కట్టి, ఇనుప కడాయిలో పక్కపక్కన పడుకోబెట్టేవాడు. కింద కందికట్టె నిప్పులు, పైన బండ మూత, మూత మీద కూడా నిప్పులు. నడిమధ్యలో మూత తీసి చూడనిచ్చేవాడు కాదు. మేం కడాయి చుట్టూ కూర్చొని వాసనతోనే ఎంతవరకు వచ్చిందో చెప్పుకునేవాళ్లం. మొదట పచ్చి వెల్లుల్లి ఘాటు, ఆ తరువాత నువ్వులు వేగిన కమ్మదనం, చివరకు తోలు చిటపటమంటూ నూనె వదిలే వాసన. అది రాగానే దీవెన పళ్లెం తెచ్చి ముందర పెట్టేసేది.

ఆ మొదటి ఏడు, పళ్లాలలో పిట్టలు పడ్డాక నాయిన లేచి వెళ్లి వీధి తలుపు వేసి గొళ్లెం పెట్టాడు. మా ఇంటి తలుపు పొద్దున్నుంచి పడుకునే దాకా మూసింది నేనెన్నడూ చూడలేదు. అమ్మ "గదేంది?" అన్నది. "చలి" అన్నాడు నాయిన. ఆయన మనసులో ఏదో లెక్క ఉందని మాకు తెలియదు. వాడ వాళ్లకు అసలే తెలియదు. పండుగ పూట దీపం పెట్టే వేళకు ఇంటి తలుపు మూసి ఉందంటే మా వాడలో దానికి రెండే అర్థాలు: ఇంట్లో ఎవరికైనా బాగాలేదు, లేదా మొగుడూ పెళ్లాలు కొట్టుకున్నారు. రెండూ ఊరుకునే సంగతులు కావు. నేను మొదటి తునక నోట్లో పెట్టుకునేలోపే తలుపు దబదబ మోగింది. ఎదురింటి శరణమ్మ, కన్నడ ఆమె, "ఏనాయ్తమ్మా? ఏమాయె? పండుగనాడు తలుపెందుకేసిన్రు?" అని ఒకటే కేక. ఆమె వెనక ఆమె పిల్లలు. వాళ్ల వెనక చేతిలో అమృతాంజనంతో ఒక ముసలామె. మామూలుగా తలుపు తీసి ఉంటే ఒకరో ఇద్దరో వచ్చేవాళ్లు. మూసినందుకు సగం వాడ వచ్చింది.

వచ్చినవాళ్ల ముందు తినడం అమ్మ వల్ల కాదు. తన పళ్లెంలో పిట్టను తీసి, ఈ పిల్లకు కాలు, ఆ పిల్లకు రెక్క, శరణమ్మ చిన్నోడికి ఎద మీది కండ, ఇట్లా చిదిమి చిదిమి పంచేసింది. గుప్పెడు పిట్టను అంతమందికి పంచవచ్చని నాయిన కలలో కూడా అనుకొని ఉండడు. ఆయన తన పళ్లెం ముందు పెట్టుకొని ఆమె చేతులనే చూస్తూ కూర్చున్నాడు. తరువాత అమ్మ ఎప్పటిలాగే కడాయి అడుగున మిగిలిన మసాలాలో అన్నం కలుపుకున్నది.

మరుసటి ఏడు నాయిన ఇంకా తెలివిగా ఆలోచించాడు. లోపల గొళ్లెం పెడితే కదా అందరికీ ఫికరు? బయట తాళం వేస్తే ఊరికి పోయారనుకొని ఎవరి దారిన వాళ్లు పోతారు. పొద్దుగూకగానే వీధి తలుపుకు బయట తాళం వేసి, ఇల్లు చుట్టి వెనక తలుపులో నుంచి లోపలికి వచ్చాడు. "గట్టిగ మాట్లాడకున్రి" అని మాకు వేలు చూపించాడు. మాకు దొంగాట ఆడినట్టు మస్తు సంబరం. అమ్మ మాత్రం మొహం గంటు పెట్టుకొని కూర్చుంది. సరిగ్గా పిట్టలు దిగే వేళకు, కుల్కచర్ల నుంచి మా మేనమామ పండుగకని వచ్చాడు. తాళం చూశాడు. ఇంత దూరం వచ్చి ఎక్కడికి పోతాడు? అరుగు మీద తువ్వాల పరుచుకొని కూర్చున్నాడు. తలుపుకు ఇవతల మేము, అవతల ఆయన దగ్గు. అది తన తమ్ముడి దగ్గని అమ్మకు తెలిసిపోయింది. ఆమె లేవబోతే నాయిన చెయ్యి పట్టుకొని ఆపాడు. జర సేపుంటే లేచిపోతాడని ఆయన ఆశ.

మామ వెళ్లిపోలేదు గానీ లేచాడు. తాళం వేసిన ఇంట్లో నుంచి నువ్వులు వేగిన వాసన, నూనె మరిగిన వాసన, సన్నగా పొగ వస్తుంటే ఏ మనిషి మాత్రం ఏమనుకుంటాడు? "ఓ శరణమ్మా! మా అక్కోల్లు పొయ్యి ఆర్పకుండ ఊరికి పోయిన్రు! ఇల్లు అంటుకుంటున్నది!" అని వాడంతా వినబడేలా అరిచాడు. మేం నోరు తెరిచేలోపే అరుగు పక్కన పడి ఉన్న బండ ముక్క ఎత్తి తాళం మీద రెండు దెబ్బలు వేశాడు. తలుపు తెరుచుకుంది. నీళ్ల బిందెలు ఎత్తుకొని వచ్చిన జనానికి, దీపం చుట్టూ పళ్లాలు పెట్టుకొని బొమ్మల్లా కూర్చున్న మేము కనిపించాం. మా నాయిన నోట్లో రెక్క ఉంది. ఎవరో ముందు నవ్వారు, ఆ తరువాత ఎవరూ ఆగలేదు. శరణమ్మ బిందె దించి నేల మీద కూలబడి నవ్వింది. అమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది. తమ్ముణ్ణి చెయ్యి పట్టి తెచ్చి తన పీట మీద కూర్చోబెట్టి, తన పిట్ట మొత్తం అతని ముందు పెట్టేసింది. ఆ తరువాత చాలా ఏళ్లు పెళ్లిళ్లలో మమ్మల్ని చూపించి "తాళమేసుకొని తినేటోల్లు" అని చెప్పుకునేవాళ్లు.

మూడో ఏడు పండుగ దగ్గర పడుతుంటే ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఒక సాయంత్రం అమ్మ ఆపుకోలేకపోయింది. నేను పక్కనే దీపం చిమ్నీ తుడుస్తున్నాను. "ఈపారి నువ్వు తలుపేస్తే పిల్లల తోలుకొని మా తమ్మునింటికి పోత. వాడంత నవ్వుతున్నది. గింత పిసినారివి ఎప్పటిసంది అయినవ్?" అంది.

"పిసినారా? నేనా?" అన్నాడు నాయిన. నిజంగానే బిత్తరపోయాడు.

"మరేంది? నలుగురికి పెట్టే ఇల్లు మనది. ఒక్క పిట్ట పెట్టాలంటే నీకు పానం పోతున్నది."

"నీ కోసమేనే."

"నా కోసమా?"

నాయిన నా వైపొకసారి చూసి, గొంతు తగ్గించాడు. "కోడి తెస్తే పంచుతవ్. మెడ ఇష్టమని అబద్దమాడుతవ్. పిట్ట అయితే పంచనీకి రాదని తెచ్చిన. గదాన్ని గూడ పంచితివి. ఎవరన్న గడప దొక్కితే చాలు, నీ పళ్లెం ఖాళీ. అందుకే తలుపేసిన. నువ్వు ఒక్కపారి మొత్తం పిట్ట తింటే చూడాలని ఉండె. గంతే."

 అమ్మ చేటలో బియ్యం అటు ఒకసారి, ఇటు ఒకసారి తోసింది. చివరకు "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా?" అంది.

"చెప్తే తింటుంటివా?"

"చెప్పి చూడాల్సిందుండె" అని మొహం అటు తిప్పుకుంది. రెండేళ్లు ఆయన ఆమె కోసం తలుపు మూశాడు, రెండేళ్లు ఆమె దాన్ని లోభమనుకొని కుమిలింది. ఇద్దరూ ఒకే గదిలో పడుకొని లేచిన మనుషులు. మా ఇంట్లో ప్రేమలు ఇట్లా ఉండేవి. ఒకరికోసం ఒకరు ప్రాణం పెట్టేవాళ్లు, ఆ మాట పైకి అనడానికి మాత్రం సిగ్గుపడి చచ్చేవాళ్లు.

ఆ క్రిస్మస్ సాయంత్రం నాయిన రెండు రెక్కల తలుపూ బార్లా తెరిచి పెట్టాడు. వచ్చేవాళ్ల కోసమని వేరే పొయ్యి మీద కోడికూర కూడా వండించాడు. అయితే మా వాడ మర్యాద తెలిసిన వాడ. పోయినేటి గొడవ తరువాత, పాపం వీళ్లను ప్రశాంతంగా తిననిద్దామని అందరూ నిర్ణయించుకున్నట్టున్నారు. తలుపు ముందు నుంచి పోయే ప్రతి మనిషీ మెడ పట్టేసినట్టు నేరుగా చూసుకుంటూ పోయాడు. శరణమ్మ అయితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని మరీ పోయింది. తలుపు తీసిన ఏడే మా ఇంట్లో మొదటిసారి నిశ్శబ్దంగా భోజనం జరిగింది.

నాయిన అందరికీ తానే వడ్డించి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆమె పళ్లెం మధ్యలో పిట్ట ఒక్కటే, ఎర్రగా కాలి, తోలు మెరుస్తూ. అమ్మ కొత్త పెళ్లికూతురిలా దాన్ని వేలితో అటూ ఇటూ కదిపింది. దీవెన అప్పటికే తనది గబగబా తినేసి, అలవాటు ప్రకారం అమ్మ పళ్లెం దగ్గరకు జరిగి చెయ్యి చాపింది. "అమ్మా, కాలు." అమ్మ చెయ్యి కూడా అలవాటు ప్రకారమే కాలు మీదికి పోయింది. పోయి ఆగింది. నాయిన గోడ వైపు చూస్తున్నాడు, అన్న తన పిట్టలోనే మునిగి ఉన్నాడు.  ఆ చెయ్యి ఎటు పోతుందో తేలే దాకా నేను నోట్లో ముద్ద నమలలేకపోయాను.

"నీది నువ్వు తిన్నవ్ గద బిడ్డా" అంది అమ్మ మెల్లగా. "గిది నాది."

ఆ చివరి మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు. మీ బట్టలు, మీ నాయిన చెప్పులు, అన్న పుస్తకాలు, ఇవే తప్ప ఆమెకంటూ ఒక వస్తువు ఉన్నట్టు మాట్లాడి ఎరగదు. దీవెన గుక్కపెట్టి ఏడ్చింది. నాయిన దాన్ని ఒళ్లోకి లాక్కొని బయటకు తీసుకుపోయాడు. అమ్మ కాలు తుంచుకొని నోట్లో పెట్టుకుంది. మొదట మా వైపు చూస్తూ తిన్నది, ఆ తరువాత చూడడం మానేసింది. కళ్లు మూసుకుంది. నూనె మణికట్టు దాకా కారితే నాలుకతో తుడుచుకుంది. నాకు అప్పుడు అర్థమైంది, ఆమెకు మెడ ముక్క ఏనాడూ ఇష్టం లేదని. ఆమెకు కాలు ఇష్టం, కండ ఇష్టం, కరకరలాడే తోలు ఇష్టం. అందరికీ ఏవి ఇష్టమో అవే. ఆమెకూ ఆకలి ఉంటుందన్న సంగతి కన్నపిల్లనైన నాకు ఆ రోజు దాకా తట్టనే లేదు. ఆనందమో దుఃఖమో తెలియక నా కళ్ల నిండా నీళ్లు వచ్చాయి.

ఈ క్రిస్మస్‌కు, ఆ కూడిక అయిన కొన్నాళ్లకు, దీవెనను వికారాబాదుకు రమ్మన్నాను. తాండూరు నుంచి రైలెక్కి మధ్యాహ్నానికి వచ్చింది. పరిగి రోడ్డులో కంజులు పెంచి అమ్మే షెడ్డు ఉంది, అక్కడ శుభ్రం చేసినవి తెప్పించాను. ఇవి బాగా బలిసినవి, ఎముక మెత్తన, కండలో కొవ్వు. కందికట్టె లేదు, నిప్పులు లేవు, నా కూతురు కొనిచ్చిన ఒవెన్ ఉంది. తోలు తీయవద్దని షెడ్డు వాడికి ఫోనులో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రుచి బాగానే కుదిరింది, అబద్ధమెందుకు? మా ఆయన తిని, మెచ్చుకొని, టీవీ ముందు కునుకు తీశాడు. మా వీధి తలుపుకు ఇనుప జాలీ, గొళ్లెం, ఇంకా ఏవేవో తాళాలు. ఏడాది పొడుగునా మూసే ఉంటుంది. ఎవరూ వచ్చి ఏమైందని అడగరు. మా నాయిన అన్ని పాట్లు పడి సంపాదించలేకపోయిన ఏకాంతం మాకిప్పుడు ఊరికే దొరుకుతోంది, దాన్ని ఏం చేసుకోవాలో మాకు తెలియడం లేదు. ఫోనులో మాత్రం ఆ పూట బోలెడన్ని కేకు బొమ్మలు వచ్చాయి.

అక్కాచెల్లెళ్లం వంటింటి బల్ల దగ్గర మిగిలాం. అడగనా మానా అనుకుంటూనే అడిగేశాను. "అమ్మ నీకు పిట్ట కాలు పెట్టని రోజు యాదుందానే?"

"ఎట్ల మరుస్తనక్కా?" అంది దీవెన. "అమ్మ నాకు లేదన్నది గదొక్కపారే. చిన్నప్పుడు మస్తు కోపముండె. నాకు పిల్లలు పుట్టినంక పోయింది. ఇప్పుడు తలుచుకుంటే, ఒక్కరోజన్న మంచిగ తిన్నదని సంబురమైతది."

"మరి చిన్నమ్మ గట్ల అన్ననాడు నోరెందుకు మెదపలే?"

దీవెన నా వైపు వింతగా చూసింది. "ఏమని చెప్పాలక్కా? బిడ్డ ఏడుస్తుంటె పెట్టకుంట తిన్నదని నలుగుర్ల చెప్పాల్నా? అమ్మను ఏమనుకుంటరు?"

అందుకని తల వంచుకొని కూర్చున్నదన్నమాట. ఆ క్రిస్మస్ సాయంత్రం నాలాగే దానికీ అంతా గుర్తుంది. అమ్మ పరువు కోసం గొంతులోనే దాచుకుంది. నేను లేచి దాని తల నిమిరాను. దాని భయం నాకు తెలుసు. చిన్నమ్మ ముందు నేను నోరు విప్పి ఉంటే, అంత బంతిలో ఒక్కరైనా "అయ్యో, పిల్లకు పెట్టకుండానా?" అని తీరేవాళ్లు. ఇది చదివినవాళ్లలో కూడా ఎవరో ఒకరు అంటారు.

అననీ. మా అమ్మ ఒక క్రిస్మస్ సాయంత్రం, కన్నబిడ్డ చెయ్యి చాపినా పెట్టకుండా, తన వాటా తాను తిన్నది. ఎముకలు కూడా మిగల్చలేదు.